ఉప్పునీటి యడవి: జీవులును నిర్జీవములును కలిసి చేయు కాపురము

కాకినాడకు దక్షిణముగా, గౌతమీ గోదావరి సముద్రమును సమీపించుచోట, కోరంగి మడయడవి కలదు. ప్రకృతిశాస్త్రపు తరగతిలో మేము ఈ యడవినిగూర్చి చెప్పుచుండగా విద్యార్థి యొకడు లేచి, "అయ్యా! కలపకు పనికిరాని ఆ పొదలను నరికి రొయ్యల చెరువులు త్రవ్వించినచో ఎక్కువ లాభము కదా?" యని యడిగెను. తరగతి నవ్వెను, కాని ప్రశ్న నవ్వదగినది కాదు. మన తీరమున పెద్దవారును ఈ ప్రశ్ననే వేసికొనిరి. కొన్నిచోట్ల జవాబునకై వేచియుండక నరికిరి కూడ. గంట మ్రోగుటచే ఆనాడు మేము సగము జవాబు మాత్రమే చెప్పగలిగితిమి. తక్కిన సగమును ఈ వ్యాసమున చెప్పబూనితిమి.

ముందుగా రెండు మాటలు తెలిసికొనవలెను. ఒకచోట కలిసి బ్రదుకు చెట్లను, జంతువులను, కంటికి కానరాని సూక్ష్మజీవులను చేర్చి జీవసమాజ మందురు. ఆ సమాజమునకు ఆధారమైన నేల, నీరు, గాలి, వెలుతురు, వేడిమి, లవణము మొదలగునవి నిర్జీవ కారకములు. ఒక జీవిపై తక్కిన జీవులు చూపు ప్రభావములు, అనగా తినుట, పోటీపడుట, నీడనిచ్చుట, రోగము కలిగించుట మొదలగునవి జీవకారకములు. పాఠమునకై వీనిని రెండు పట్టికలుగా వ్రాసికొనవచ్చును గాని ప్రకృతిలో నవి విడివిడిగా లేవు. 1935వ సంవత్సరమున ఆర్థర్ టాన్స్లీ యను ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు జీవసమాజమును దాని పరిసరమును కలిపి యొకే వ్యవస్థగా నెంచవలెనని చెప్పి, దానికి ఎకోసిస్టమ్ అను పేరు పెట్టెను. దీనిని మనము ఆవరణ వ్యవస్థ యనుచున్నాము. గోడలు మాత్రమే యిల్లు కాదు. మనుష్యులు మాత్రమే యిల్లు కాదు. రెండును కలిసి నడచునదే కాపురము. మడయడవియు నట్టి కాపురమే.

స్థలము

త్ర్యంబకమున పుట్టి సుమారు 1,465 కిలోమీటర్లు ప్రవహించి వచ్చు గోదావరి, ధవళేశ్వరమునకు దిగువను గౌతమి, వసిష్ఠ యను పెద్ద పాయలుగా చీలును. గౌతమినుండి విడివడిన కోరంగి, గాడేరు పాయలు కాకినాడ అఖాతమును చేరును. అఖాతమునకు తూర్పున, సముద్రమున కడ్డముగా, హోప్ దీవి యను ఇసుకతిన్నె సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగియున్నది. అది అలల తాకిడిని తగ్గించును. అలలు తగ్గినచోట నీరు నెమ్మదించును. నీరు నెమ్మదించినచోట నది తెచ్చిన మెత్తని ఒండ్రు అడుగునకు దిగును. అలలు కొట్టు ఇసుకతీరమున వేళ్ళూనజాలని మొక్కలు ఈ ఒండ్రుపై నిలువగలవు. కాబట్టి యీ యడవికి పునాది వేసినవి నది, ఇసుక, అల యను మూడు ప్రాణములేని పదార్థములే. ఈ ప్రదేశమున సుమారు 235 చదరపు కిలోమీటర్ల భూమి 1978లో వన్యప్రాణి శరణాలయముగా నేర్పాటు చేయబడినది.

ప్రాణములేనివాని పరీక్ష

మొదటి పరీక్ష ఉప్పు. సముద్రపునీటిలో వేయి పాళ్ళకు సుమారు 35 పాళ్ళు లవణముండును. ఇది మొక్కకేల హాని? మన యిండ్లలో మాగాయ పెట్టునప్పుడు మామిడిముక్కలకు ఉప్పు కలిపిన మరునాటికి ముక్కలనుండి ఊట దిగుట మీరు చూచియే యుందురు. ముక్కలోని నీటిని వెలుపలి యుప్పు లాగినది. వరిమొక్కను సముద్రపునీటిలో నాటినను వేరు నీటిని త్రాగజాలదు. తనలోని నీటినే పోగొట్టుకొనును. చుట్టును నీరున్నను అది దాహముతో చచ్చును.

రెండవ పరీక్ష ఊపిరి. చెట్టు ఆకులకే గాక వేళ్ళకును ప్రాణవాయువు కావలెను. తోటలోని మట్టిరేణువుల నడుమ గాలి యుండును. మడనేలలోని సన్నని బురదలో సందులన్నియు నీటితో నిండియుండును. అందుండు కొలది ప్రాణవాయువును పైపొరలోని సూక్ష్మజీవులే వాడుకొనును. అంతకు దిగువను ప్రాణవాయువు లేకయే బ్రదుకు మఱియొక జాతి సూక్ష్మజీవులు, సముద్రపునీటిలోని గంధక లవణములనుండి హైడ్రోజన్ సల్ఫైడు అను వాయువును పుట్టించును. మడబురదలో కాలు దిగినప్పుడు వచ్చు కుళ్ళిన గ్రుడ్డు వాసన దానిదే. ఈ వాయువు వేళ్ళకు విషము.

మూడవ పరీక్ష పోటుపాట్లు. దినమునకు రెండుమారులు సముద్రము పోటెక్కును, రెండుమారులు పాటు తీయును. అదే నేల యొకమారు నీటిలో మునిగి, మఱికొంతసేపటికి ఎండలో నెండును. జూలైనుండి వరదల కాలమున గోదావరి మంచినీరు పాయలను నింపి యుప్పును పలుచన చేయును. వేసవిలో నది సన్నగిల్లి సముద్రము లోపలికి చొచ్చును. ఒకే చెట్టు ఒకే సంవత్సరములో ఇంచుమించు మంచినీటిని, ఇంచుమించు సముద్రపునీటిని కూడ ఓర్చుకొనవలసి యున్నది.

చెట్ల సమాధానము

ఈ పరీక్షలలో నెగ్గినవే యిచ్చట నిలిచినవి. తెల్లమడ వేళ్ళు బురదలో అడ్డముగా సాగి, వానినుండి పెన్సిళ్ళవంటి ఊపిరివేళ్ళను వేలకొలదిగా నిలువున పైకి పంపును. పాటువేళ ఆ వేళ్ళపైనున్న సన్నని రంధ్రములద్వారా గాలి లోపలికి పోయి బురదలోని వేళ్ళకు చేరును. తాను పీల్చిన నీటిలోని లవణమును తెల్లమడ ఆకులమీది గ్రంథులద్వారా వెలుపలికి నెట్టును. ఎండవేళ ఆకుపై ఉప్పుపొడి మెరయుచుండును. ఉప్పుపొన్న మఱియొక మార్గము త్రొక్కినది. దాని వేళ్ళే ఉప్పును చాలవరకు లోపలికి రానీయక వడపోయును. కాండమునుండి విల్లువలె వంగి దిగిన ఊతవేళ్ళు మెత్తని బురదలో చెట్టును నిలువబెట్టును. దీని విత్తు తల్లిచెట్టుమీదనే మొలకెత్తి, పొడవైన కాయవలె వ్రేలాడి, పెరిగిన తరువాతనే రాలును. కొన్ని పాటువేళ బురదలో నాటుకొనును. తక్కినవి తేలిపోయి వేఱొకచోట తీరము చేరును.

కొత్తగా పైకి తేలిన ఒండ్రుపై సామాన్యముగా మొదట ఉప్పునీటికోర్చు గడ్డి మొలచును. దానివెంట తెల్లమడ వచ్చును. పాయల గట్లపై ఉప్పుపొన్న వంటివి, పోటు అరుదుగా నెక్కు మెరకపై తిల్లచెట్టు పెరుగును. పోటు ఎప్పుడోగాని తాకక, నీరావిరియై యుప్పు పేరుకొనిపోవు బయళ్ళలో ఇలకూర వంటి చిన్న మొక్కలు మాత్రమే యుండును. దూరమునుండి ఒకే పచ్చదనముగా కనబడునది దగ్గఱకు పోయి చూచినచో వరుసలు తీర్చిన సమాజము.

హద్దులను గీయున దెవరు?

అట్లయిన ఈ హద్దుల నన్నింటిని ఉప్పును నీరును మాత్రమే గీసినవా? ఈ ప్రశ్నకు చక్కని జవాబు స్కాట్లండు తీరపు రాళ్ళపై దొరికినది. జోసెఫ్ కానెల్ అను శాస్త్రజ్ఞుడు అచ్చటి రాళ్ళ కంటుకొని బ్రదుకు రెండుజాతుల బార్నకిల్ అను గుల్లజీవులను పరీక్షించి తన ఫలితములను 1961లో ప్రకటించెను. ఒకజాతి రాతి పైభాగమున, రెండవది క్రింది భాగమున నుండును. క్రిందిజాతి పైకి పోలేకపోవుటకు కారణము ఎండ. పైన అది ఆరి చచ్చును. కాని పైజాతి క్రిందికి రాలేకపోవుటకు కారణము నీరు కాదు. క్రిందిజాతిని తొలగించినచోట పైజాతి అచ్చటను హాయిగా పెరిగినది. తొలగింపనిచోట వేగముగా పెరుగు క్రిందిజాతి దానిని నొక్కి, ఊడబెరికి, కప్పివేసినది. ఒకదాని పైహద్దును నిర్జీవ కారకము గీసినది. రెండవదాని క్రిందిహద్దును జీవకారకము గీసినది. కంటికి రెండును ఒకేరీతి గీతలుగా కనబడును. పరీక్షించినగాని కారణము తెలియదు. ఏది ఎచ్చట లేదో చూచి "అచ్చటి నేల దానికి పడదు" అని తొందరపడి చెప్పరాదని ఇందువలన మనము నేర్చుకొనవలెను.

మడయడవిలోను ఇట్లే. పెద్దచెట్ల నీడలో లేతమొక్కలు వెలుతురు చాలక క్రుంగిపోవును. పీతలు కొన్ని జాతుల విత్తనములను మిక్కిలి యిష్టముగా తిని, ఏచెట్టు ఎచ్చట పెరుగవలెనో కొంతవరకు తామే నిర్ణయించును.

పీత చేయు సేద్యము

ఆ పీతయే మఱియొక మేలును చేయుచున్నది. అది బురదలో కలుగులు త్రవ్వును. ప్రతి పోటును ఆ కలుగులలోనికి కొత్త నీటిని, దానితో ప్రాణవాయువును తీసికొనిపోవును. విషవాయువు కొంత కడిగివేయబడును. రైతు నాగలితో చేయుపని పీత తన కాళ్ళతో చేయుచున్నది. ఇది యూహ కాదు. ఆస్ట్రేలియాలోని ఉప్పుపొన్న యడవిలో శాస్త్రజ్ఞులు కొన్ని మళ్ళనుండి పీతలను తొలగించి, తక్కిన మళ్ళతో పోల్చి చూచిరి. పీతలు లేనిచోట నేలలో గంధక విషము హెచ్చినది; చెట్ల పెరుగుదలయు సంతానమును తగ్గినవి. ఈ ఫలితము 1991లో ప్రకటింపబడినది. నేల చెట్టును నిలుపుననుట నిజమే. కాని ఆ నేలను నిలుపునది పీత. చెట్టు ఆకు రాల్చి పీతకు తిండి పెట్టును. ఎవరు ఎవరిని పోషించుచున్నారో చెప్పుట కష్టము.

రాలిన ఆకులలో పీతలు తినగా మిగిలినవి బూజులచేతను సూక్ష్మజీవులచేతను మెత్తబడి నలుసులగును. ఆ నలుసులను రొయ్యపిల్లలు, చిన్నచేపలు తినును. వానిని పెద్దచేపలును కొంగలును తినును. చేపలకై నీటికుక్కలును, రాత్రివేళ బావురుపిల్లియు కాచియుండును. టైగరు రొయ్య సముద్రమున గ్రుడ్లు పెట్టును. దాని పిల్లలు పోటుతో పాయలలోనికి వచ్చి, వేళ్ళనడుమ దాగి పెరిగి, మరల సముద్రమునకు పోవును. కావున సముద్రమున వేయు వలలో పడు రొయ్య చాలమారులు మడవేళ్ళ నడుమ బాల్యము గడపినదే. జాలరుల బిడ్డలగు మా విద్యార్థులకు ఇది పుస్తకపు మాట కాదు, ఇంటి మాట.

ఇక పులసచేప మాట చెప్పనిదే గోదావరి పాఠము పూర్తికాదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనని మనవారి సామెత. సముద్రమున నుండు ఈ చేప వరదకాలమున మంచినీటి కెదురీది గ్రుడ్లు పెట్టుటకు నదిలోనికి వచ్చును. వరద యను నిర్జీవ కారకమే దానికి పిలుపు. ఆ పయనమునకు ధవళేశ్వరము కడనున్న ఆనకట్ట అడ్డము. 1852లో పూర్తియైన మొదటి యానకట్ట డెల్టాకు అన్నము పెట్టినది. అందులకు మనము కృతజ్ఞులము. అయినను నదిపై కట్టిన ప్రతి కట్టయు నీటిని, ఒండ్రును, చేపదారిని కూడ మార్చునను సంగతి మరువరాదు.

గొడ్డలి పడిన తరువాత

ఇప్పుడు మా విద్యార్థి ప్రశ్నకు వత్తము. అడవిని నరికినచో ఏమగును? చెట్లు మాత్రమే పోవునని మనము తలంతుము. తమిళనాటి పిచ్చావరము కడ జరిగిన సంగతి వినుడు. పూర్వ మచ్చట మడయడవిని వంతులవారీగా నరికెడివారు. నీడ పోయిన నేలపై ఎండ నేరుగా పడినది. బురదలోని నీరావిరియై నేల కుంగి పళ్ళెమువలె గుంటపడినది. పోటునాడు ఎక్కిన నీరు పాటునాడు దిగిపోలేక గుంటలో నిలిచి, ఎండకు చిక్కబడి, సముద్రమునకంటె ఉప్పనైనది. అట్టి నేలలో మడవిత్తనమును మొలువలేదు. నరికినది చెట్టును, మారినది నేల. నేల మారుటచే చెట్టు తిరిగి రాలేదు. జీవకారకమును తొలగించినచో నిర్జీవ కారకమే మారిపోవుననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మేమెరుగము.

వైద్యమును కారణము తెలిసిన తరువాతనే కుదిరినది. 1990 తరువాతి సంవత్సరములలో స్వామినాథన్ పరిశోధన సంస్థవారు అడవిశాఖతోను గ్రామస్థులతోను కూడి, చేప వెన్నెముకవలె నడుమ నొక కాలువను, ఇరుప్రక్కల పిల్లకాలువలను త్రవ్వించి, పోటు ఎక్కి దిగుటకు దారి చేసిరి. ఉప్పు కడిగిపోయినది, మొక్కలు నాటిరి, అడవి తిరిగి లేచినది. ఇదే పద్ధతి గోదావరి, కృష్ణా ముఖద్వారములందును అవలంబింపబడినది. మొక్క నాటుటకంటె ముందు నీటికి దారి చూపవలెనని వారు గ్రహించిరి.

రొయ్యల చెరువుల విషయము న్యాయముగా చెప్పవలెను. వానివలన అనేక కుటుంబములు బాగుపడినవి. మా విద్యార్థుల తండ్రులలోను అట్టివారు కలరు. తగినచోట, తగిన పద్ధతిని చేసిన సాగును మేము నిందింపము. కాని మడను నరికి త్రవ్విన చెరువు వేఱు. ఆ దినములలో చెరువులలో పెంచిన టైగరు రొయ్యకు తల్లిరొయ్యలను సముద్రమునుండియే పట్టి తెచ్చెడివారు. ఆ సముద్రపు రొయ్యకు పురిటింటివంటిది మడ. చెరువుకై మడను నరుకుట, పాడియావును కోసి పాలకై చెంబు పట్టుకొని కూర్చుండుట వంటిది. 1994 ప్రాంతమున తెల్లమచ్చ రోగము తూర్పుతీరపు చెరువులను పట్టినప్పుడు ఒకే జాతిని ఇరుకున పెంచుటలోని యపాయమును రైతులు కన్నీటితో తెలిసికొనిరి. 1996 డిసెంబరులో సుప్రీముకోర్టు తీరపు నియంత్రణ ప్రాంతమున రొయ్యల చెరువులను గూర్చి కఠినమైన తీర్పు నిచ్చినది.

అంతకు నెల ముందు, 1996 నవంబరు 6వ తేదీని, కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కోరంగి పేరు వినగానే తుపాను జ్ఞప్తికి వచ్చుట కొత్త కాదు. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు ఆ రేవుపట్టణమును ధ్వంసము చేసినవి. మడయడవి యుప్పెనను పూర్తిగా ఆపునని మేము చెప్పము. మహోపద్రవమున కెదురు నిలుచు గోడ యేదియు లేదు. కాని దట్టమైన మడ అలల బలమును విరుచును, గట్టు కోతపడకుండ మట్టిని పట్టియుంచును. గోడ కట్టించినచో ఏటేట మరమ్మతు కావలెను. మడ తన్ను తానే మరమ్మతు చేసికొనును, మనము దాని నీటిదారిని మూయకున్నచో.

విద్యార్థులు చేయదగిన పరీక్ష

ఈ పాఠమును చదివి విడువక, చేసి చూడుడు. మూడు మట్టిపిడతలలో సమముగా మన్ను పోసి, ఒక్కొక్కదానిలో పది పెసలు నాటుడు. మొదటిదానికి మంచినీరు, రెండవదానికి లీటరు నీటికి 35 గ్రాముల ఉప్పు కలిపిన నీరు, మూడవదానికి అందులో సగము ఉప్పుగల నీరు పోయుడు. పది దినములు మొలకలను లెక్కించి వ్రాసికొనుడు. పిదప మీ యూరి చెరువుగట్టున నిలిచి, నీటిలో, నీటియంచున, గట్టుపైని ఏయే మొక్కలున్నవో మూడు వరుసలుగా వ్రాయుడు. ప్రతి మొక్కకు ఎదురుగా రెండు ప్రశ్నలు వేసికొనుడు: దీనిని ఇచ్చట నిలిపినది నీరా, నేలయా, వెలుతురా? లేక ప్రక్కనున్న జీవియా? జవాబు తెలియనిచో తెలియదని వ్రాయుడు. అదియు శాస్త్రమే.

ముగింపు

నాయనా! నీవడిగిన లాభనష్టముల లెక్క మంచిదే. కాని లెక్కలో అన్ని అంకెలను వేయవలెను. చెరువు యజమానికి వచ్చు సొమ్ము ఒక అంకె. సముద్రమున తగ్గు రొయ్య, జాలరి వలలో తగ్గు చేప, కొట్టుకొనిపోవు గట్టు, ఉప్పనైపోవు నేల, తుపాను రాత్రి పిల్లలను ఎత్తుకొని పరుగెత్తు తల్లి భయము, ఇవి తక్కిన అంకెలు. మొదటి అంకె ఒకరి చేతికి వచ్చును. తక్కినవి ఊరందరి నెత్తిన పడును. వీని నన్నింటిని వేసి కూడినచో, మడను నరికి త్రవ్విన చెరువు లాభమని మాకు తోచదు.

సృష్టికర్త ఈ లోకమును మనకు అప్పగించినది పాడుచేయుటకు కాదు, కాపాడుటకు. కాపాడవలెనన్నచో ముందు తెలిసికొనవలెను. బురదలోని పీతకును, ఆకుమీది యుప్పుపొడికిని, మన పళ్ళెములోని కూరకును గల సంబంధమును గ్రహించిన బాలుడు పెద్దవాడై గొడ్డలి పట్టినను ఒక్క క్షణము ఆగి ఆలోచించునని మా నమ్మకము. ఆ ఒక్క క్షణము కొరకే మేమీ పాఠము చెప్పుచున్నాము.